మా అక్క గొంతు, ఇంకొకరి నోరు

అక్కను మట్టిలో పెట్టిన రోజు చర్చిలో పోలిష్ పాట అందుకున్నవాళ్ళలో ఒక ముసలావిడ గొంతు అందరికంటే పైకి వినిపించింది. శ్రుతి లేదు. మాటలూ రావు. పక్కవాళ్ళ పెదాలు చూస్తూ, ఒక్క క్షణం వెనకబడి, గట్టిగా పాడుతోంది. మా వీధివాళ్ళు వెనక్కి తిరిగి మరీ చూశారు.

బయటికి వచ్చాక పక్కింటి ఫెర్నాండ్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు మాత్రం పాముచెవులు.

"ఎవరే ఆవిడ? కప్పని మింగినట్టు పాడింది."

"పోలెట్, అత్తా. నువ్వు టీవీలో చూసిన డోరా లినెల్ ఆవిడే."

"మరి టీవీలో గొంతు అలా లేదే."

"ఆ గొంతు అక్కది కదా. నీకు తెలుసుగా."

ఫెర్నాండ్‌కి తెలుసు. మా వీధిలో అందరికీ తెలుసు. వీధి దాటితే ఎవరికీ తెలియదు.

మా అక్క పేరు గెనోవెఫా సోబ్చిక్. ఇంట్లో గెన్యా. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఉత్తర ఫ్రాన్స్‌లో, ఓబ్రికూర్ అనే ఊళ్ళో, మూడో నంబరు బొగ్గుగని వెనక, ఒకేలాంటి ఎర్ర ఇటుక ఇళ్ళ వరసలో పుట్టాం ఇద్దరం. కిటికీ తీస్తే గని మట్టి పోసిన నల్లగుట్ట. అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్లు గాలి ఎటునుంచి వీస్తే ఆ రంగు తిరిగేవి.

నాన్న వాలెంటి సోబ్చిక్ చిన్నప్పుడే పోలండ్ నుంచి తాతతో పాటు బొగ్గు తవ్వడానికి వచ్చాడు. గని ఆఫీసులో గుమాస్తాకి ఆ పేరు నోరు తిరగలేదు. వలాంతాన్ సోబ్సిక్ అని రాసుకున్నాడు. జీతం ఆ పేరు మీదే, వైద్యం ఆ పేరు మీదే. ఆ సంగతికి నాన్న నొచ్చుకోగా నేనెప్పుడూ చూడలేదు. కంపెనీ ఇచ్చిన పేరు గనిలోకి, అమ్మ పిలిచే పేరు వంటింట్లోకి అనుకునేవాడు. ఆయన కంపెనీని నమ్మాడు. ఇల్లు కంపెనీది, పొయ్యిలో బొగ్గు కంపెనీది, జ్వరం వస్తే డాక్టరు కంపెనీవాడు. సంతకం పెట్టినవాణ్ణి కంపెనీ చచ్చేదాకా చూసుకుంటుందని ఆయన లెక్క.

నాన్నకి పందెం పావురాలుండేవి. ఆదివారం పందేల్లో ఎక్కడో వందల మైళ్ళ దూరంలో వదిలిన పక్షి తిరిగొచ్చి గూటిలో దిగితేనే గెలుపు. కొన్ని ఇంటిదాకా వచ్చి కప్పు మీద కూర్చుని దిగవు. అప్పుడు నాన్న అక్కని కేకేసేవాడు. అక్క పెరట్లో నిలబడి ఏదో ఒకటి పాడేది. పావురం తల వంచి చూసి, చటుక్కున దిగేది. అవతలి గోడ మీంచి ఫెర్నాండ్ మొగుడు, "సోబ్చిక్, ఇది మోసం. నా ఇంట్లో పాడేవాళ్ళెవరూ లేరు, ఫెర్నాండ్ నోరు తెరిస్తే ఉన్నవి కూడా ఎగిరిపోతాయి" అనేవాడు.

పదిహేడో ఏట ఊరి తిరనాళ్ళలో పాటల పోటీ పెడితే అక్క గెలిచింది. వినడానికి వచ్చినవాళ్ళలో పారిస్ నుంచి ఒకాయన ఉన్నాడు. ఫ్రెమోన్ ఆయన పేరు, రికార్డుల కంపెనీ మనిషి. మరుసటి వారం మా వంటింట్లో కూర్చున్నాడు, మెత్తటి కోటుతో. పొయ్యి మీద పొద్దున్నించీ మరుగుతున్న చికోరీ కాఫీని అమ్మ పోసిస్తే మొహం చిట్లించకుండా తాగాడు. దాంతోనే సగం మార్కులు కొట్టేశాడు.

అక్క మైనరు. సంతకం నాన్న పెట్టాలి. ఫ్రెమోన్ ఒక్కొక్కటే చదివి చెప్పాడు. పాడింది కంపెనీది. రికార్డు మీద వేసే పేరు కూడా కంపెనీదే. గెనోవెఫా సోబ్చిక్ అని గోడల మీద రాయాలంటే ఊళ్ళో గోడలు చాలవని నవ్వించాడు. డోరా లినెల్ అని పెడదామన్నాడు. పొట్టిగా ఉంది, కుర్రాళ్ళ నోట్లో నిలుస్తుంది.

నాన్న ఒక్కటే అడిగాడు. "ఇల్లు ఇస్తారా?"

ఫ్రెమోన్ తెల్లబోయాడు. ఇల్లు ఇవ్వరని చెప్పాడు. బొగ్గు కూడా ఇవ్వరని తెలిసి నాన్న కాస్త నిరాశపడ్డాడు. పేరు సంగతి మాత్రం అడగలేదు. కంపెనీ అన్నాక పేరు పెడుతుంది, అందులో అడగడానికేముంది? కలం పట్టుకుని, వలాంతాన్ సోబ్సిక్ అని, తనది కాని పేరుతోనే సంతకం చేశాడు.

పాట పేరు 'ఆరింటికి వస్తావా'. పెద్ద పాటేం కాదు. సైకిలు మీద వచ్చే కుర్రాడి కోసం గుమ్మంలో నిలబడ్డ పిల్ల పాట. పారిస్‌లో పాడుతున్నప్పుడు చివరి చరణానికి ముందు డ్రమ్ము వాయించేవాడి చేతిలోంచి పుల్ల జారి పడిందట. అక్క ఊపిరి పీల్చబోతూ పీల్చబోతూ నవ్వేసింది. ఆ ఊపిరీ ఆ నవ్వూ కలిసిపోయి ఒక చిత్రమైన చప్పుడు వచ్చింది, చలికి ఒణికినట్టు, గిలిగింత పెట్టినట్టు. మళ్ళీ పాడిద్దామన్నారు. ఫ్రెమోన్ వద్దన్నాడు. ఆ నవ్వే పాటని దేశం మీదకి తోసింది. మా బడిలో ఆడపిల్లలు ఆ నవ్వు నవ్వడం నేర్చుకున్నారు. చెల్లెల్ని కాబట్టి నన్ను నవ్వి చూపించమనేవాళ్ళు. నాకు వచ్చేది కాదు.

ఆ ఏడాదంతా అక్క తిరిగింది. సముద్రతీరాల్లో లారీల మీద వేదికలు, టీవీ, పత్రికల్లో నుదుటి మీదకి కత్తిరించిన జుట్టుతో బొమ్మలు. పోస్టుకార్డులు రాసేది. ఎక్కువ చోట్ల తను పాడడం లేదని, రికార్డు తిప్పుతుంటే నోరు కదపడమేనని, అది పాడడం కంటే కష్టమని రాసింది. మొదటి డబ్బుతో మాకు టీవీ కొనిచ్చింది. వీధిలో అదే మొదటిది.

మరుసటి చలికాలం నాన్న మంచం పట్టాడు. మంచం పట్టాడనడం తప్పు. పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడదు. పొయ్యి పక్కన కుర్చీలో, ముందుకు వంగి, బల్ల మీద మోచేతులు పెట్టుకుని నిద్రపోయేవాడు. మా వీధిలో ఆ జబ్బుకి ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'దుమ్ము' అంటారు. నాన్నకి దుమ్ము ముదిరిందని అమ్మ కబురు పెడితే అక్క వచ్చేసింది. ఒక నెల ఉంటానని ఫ్రెమోన్‌కి చెప్పింది. నెల రెండయింది, మూడయింది. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టడం అమ్మ ఒక్కదాని వల్ల కాదు. ఫ్రెమోన్ మొదట టెలిగ్రాములు ఇచ్చాడు. తర్వాత మానేశాడు. పాపం, మన కష్టం అర్థం చేసుకున్నాడని అక్క అంది.

జూన్‌లో ఒక శనివారం సాయంత్రం. టీవీలో పాటల కార్యక్రమం ఉంది, డోరా లినెల్ వస్తోందని పత్రికలో వేశారు. పాతది ఏదో మళ్ళీ వేస్తున్నారనుకున్నాం. వీధివాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని వంటింట్లో సర్దుకున్నారు. నాన్నని టీవీ వైపు తిప్పి కూర్చోబెట్టాం. అక్క కాఫీ కూజా పట్టుకుని అందరి వెనక నిలబడింది.

తెర మీదకి ఒక పిల్ల వచ్చింది. అదే జుట్టు, అదే కాలరు గౌను. పాట మొదలైంది. గొంతు అక్కది.

"జుట్టు మార్చినట్టుంది" అంది ఫెర్నాండ్.

"చిక్కిపోయింది. పారిస్‌లో తిండి పెట్టరు" అన్నారెవరో.

నాకు పదకొండేళ్ళు. "అది అక్క కాదు. అక్క ఇక్కడుంది" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. అక్క కూజా పట్టుకునే ఉంది. పాట చివరి చరణం దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల భుజాలు చిన్నగా ఎగరేసి, కళ్ళు మూసి, అక్క నవ్విన చోట నవ్వింది. సరిగ్గా అక్కడే. వెంట్రుకంత తేడా లేదు.

ఒక్కొక్కరే కుర్చీలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఫెర్నాండ్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "పోనీలే గెన్యా, నీకు ఈ ఊళ్ళో పనుంది, దానికి అక్కడ పనుంది" అంది. ఓదార్పే అనుకుని అంది.

మర్నాడు నాన్న అక్కని దగ్గరికి పిలిచాడు. రెండు మాటలకి ఒకసారి ఆగి చెప్పాడు. "గనిలో దీపాల గది ఉంటుంది. నా బిళ్ళ ఇస్తే నా నంబరు దీపం ఇస్తారు. నేను దిగడం మానేశాను. ఆ దీపం గోడకి ఊరికే వేలాడదు కదమ్మా. ఇంకొకడు తీసుకుంటాడు. వాడు దొంగ కాదు."

"దీపం నీది కాదు నాన్నా. గొంతు నాది."

ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "నేను చూసుకోవలసింది" అన్నాడు, అంతే. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్క పారిస్ వెళ్ళి ఫ్రెమోన్‌ని కలిసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. నాన్న సంతకం చూపించాడు. పాటని డాన్సుల్లో ఎవరైనా పాడుకోవచ్చు, ఆమె కూడా పాడుకోవచ్చు. డోరా లినెల్ అనే పేరుతో మాత్రం పాడకూడదు, ఆ రికార్డు తనదని ఎక్కడా చెప్పుకోకూడదు. రైలు దిగి స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే అక్క మొహం చూసి, అమ్మ ఏమీ అడగకుండా కంచం పెట్టింది.

అక్టోబరులో నాన్న పోయాడు. అప్పుడు కంపెనీ డాక్టర్లు వచ్చారు. ఆయన పోయింది దుమ్ము వల్లే అని తేలితేనే అమ్మకి పింఛను. తేలాలంటే కోసి చూడాలి. మా వీధిలో చాలామంది ఆడవాళ్ళు ఆ కాగితం మీద సంతకం పెట్టారు, అమ్మ కూడా పెట్టింది. నాన్న ఊపిరితిత్తులు తీసి ఎక్కడికో పట్టుకెళ్ళారు. మిగతా మనిషిని మాకిచ్చారు. పెట్టె మీద చెయ్యి పెట్టి అమ్మ చాలాసేపు నిలబడింది. ఏం ఆలోచిస్తోందో మాకు తెలుసు. ఆయన్ని పూర్తిగా పాతిపెట్టడం లేదని.

ఆ తర్వాత అక్క చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. శనివారాలు అకార్డియన్ బృందంతో చుట్టుపక్కల ఊళ్ళలో డాన్సులకి పాడేది. ఒకసారి పక్క పట్నంలో ఎవరో అడిగితే 'ఆరింటికి వస్తావా' పాడింది. నేను గది చివర నిలబడి ఉన్నాను. నా పక్కనున్న కుర్రాడు తన జతగత్తెతో, "నకలు బాగానే దింపింది. నవ్వు మాత్రం కుదర్లేదు" అన్నాడు. ఆ మాట అక్కకి నేను చెప్పలేదు. కానీ ఆమెకి చెప్పేవాళ్ళు కరువా? ఆ చలికాలానికి పాడడం మానేసింది. పూర్తిగా. పావురాల్ని ఫెర్నాండ్ మొగుడికి ఇచ్చేశాం.

ఒక పెళ్ళి జరిగింది, మూడేళ్ళు నిలిచింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక బడి భోజనశాలలో వడ్డించింది. సిగరెట్లు ఎక్కువ తాగేది. కాఫీ హోటల్లో రేడియోలో తన గొంతు వస్తే గ్లాసు అక్కడే పెట్టి బయటికి నడిచేది. సంతలో ఫెర్నాండ్ ఎదురైతే వదిలేది కాదు. "డోరా గారూ, తమరే స్వయంగా ఉల్లికాడలు కొనుక్కోవాలా? మనుషుల్ని పంపకూడదూ?" అక్క నవ్వేది, మామూలు నవ్వు.

డెబ్భైల్లో ఒకసారి పక్క ఊళ్ళో కొత్త సూపర్ మార్కెట్ తెరిచారు. ప్రారంభానికి డోరా లినెల్ వస్తోందని కాగితాలు పంచారు. అక్క వెళ్దామంది. వద్దన్నా వినలేదు. తోపుడుబళ్ళ మధ్య చిన్న వేదిక. ఆ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, మెరిసే గౌనులో లావెక్కింది. రికార్డు తిరిగింది. ఆమె నోరు కదిపింది. అక్క వేదికకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఆమె మెడనే చూస్తోంది. ఇంటికొస్తుంటే అంది, "రెండో చరణంలో 'గుమ్మం' దగ్గర చిన్న ఊపిరి తీస్తోంది చూశావా? నేను అక్కడ పీల్చానా? నాకు గుర్తే లేదు."

ఇంటికి రాగానే రికార్డు వేసి విన్నాం. పీల్చింది. ఎంత చిన్నదంటే, ఆ గొంతు మోసినవాళ్ళకి తప్ప ఎవరికీ వినపడదు.

ఏళ్ళు గడిచాయి. గని మూసేశారు. నల్లగుట్ట మీద గడ్డి మొలిచింది. నేను పక్క పట్నం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అక్కకి అరవై ఆరు వచ్చేసరికి ఊపిరితిత్తులు మూడు వంతులు పోయాయి. నాన్నలాగే వంటింట్లో, బల్ల మీద మోచేతులు పెట్టి నిద్రపోయేది. ముక్కుకి గొట్టం, పక్కన రోజంతా గుర్రుమనే ఆక్సిజన్ యంత్రం. నేను ఆమె ఇంటికి మారిపోయాను.

ఆ ఏడు మందుల దుకాణం అద్దానికి ఒక పోస్టరు అంటించారు. పాత గాయకులందరినీ బస్సులో ఊరూరా తిప్పే ప్రదర్శన. మధ్యాహ్నం ఆట, ముసలివాళ్ళ కోసం. కిందవరసలో చిన్నబొమ్మ: డోరా లినెల్. పోలెట్ మొహం.

అక్కకి పోస్టరు సంగతి చెప్పాను. సాయంత్రం రొట్టె ముక్క కాఫీలో ముంచుతూ అంది, "ఒక్కసారి ఆ పేరు పిలిస్తే నేను లేచి వెళ్ళాలి బ్రోన్యా. ఒక్కసారి. ఆ తర్వాత ఎవరైనా వాడుకోనీ."

అన్నేళ్ళలో ఆమె నోటివెంట ఆ కోరిక రావడం అదే మొదలు. ఉందని నాకు తెలుసు. వంటింట్లో కూజా పట్టుకుని నిలబడ్డ రోజునుంచీ ఉంది.

ప్రదర్శన ఆఫీసుకి ఫోన్ చేశాను. తిబో అనే యువకుడు నడుపుతున్నాడు. మంచిగానే విన్నాడు. రికార్డుల కంపెనీ ఎప్పుడో మూతపడిందని, పేరు మీద ఇప్పుడు ఎవరూ దావా వెయ్యరని చెప్పాడు. "కానీ మేడమ్, జనం పోస్టరు మీద మొహం చూసి టిక్కెట్టు కొంటారు. నాకు ఒక డోరా చాలు" అన్నాడు. నిజమే కదా అనిపించేలా చెప్పాడు.

రెండు రోజుల తర్వాత ఫోను మోగింది. గరగరమనే గొంతు, దక్షిణాది యాస. "నేను పోలెట్‌ని. తిబో చెప్పాడు. గురువారం మాకు సెలవు. రావచ్చా?"

ఎర్రరంగు వేసిన జుట్టుతో, మోకాలికి పట్టీతో దిగింది. చేతిలో పెద్ద వేఫర్ల డబ్బా. గుమ్మంలో ఆగిపోయింది. అక్క కుర్చీలోంచి చూసింది.

"నా నోరు వచ్చిందన్నమాట" అంది అక్క. "రా, కూర్చో. తలుపు వెయ్యి, చలి."

పోలెట్ కూర్చుంది. "ఇన్నేళ్ళు మీ గొంతు మోశానండీ. మోకాళ్ళు అరిగిపోయాయి."

"అప్పుడే దించేయాల్సింది."

"దించితే తిండెవరు పెడతారు? నా గొంతు విన్నారుగా. ఫ్రెమోన్ మొదటిరోజే చెప్పాడు, నువ్వు వేదిక మీద దగ్గినా ఉద్యోగం పోతుందని. నలభై ఆరేళ్ళండీ. నేను ఒక్క పాట పాడలేదు. మా ఊళ్ళో పుట్టినరోజులకి కూడా నోరు కదుపుతాను, చప్పుడు చెయ్యను. అలవాటైపోయింది."

అక్క ఆమెని కొత్తగా చూసింది. తర్వాత వేఫర్ల డబ్బా విప్పమని నాకు సైగ చేసింది.

పోలెట్ తిన్నగా విషయానికి వచ్చింది. ఆదివారం పక్క పట్నంలో ఆట. తనకి మోకాలు పట్టేసిందని ఆఖరి నిమిషంలో చెబుతుంది. డోరా లినెల్ అని పిలిచాక అక్క వెళ్ళొచ్చు. తిబో తెరవెనక అరిస్తే అరుస్తాడు. మిగతావాళ్ళకి బృందం వాయించినా డోరా పాటకి రికార్డే తిప్పుతారు. "మీరు పాడక్కర్లేదు. నోరు కదిపితే చాలు. మీ గొంతే కదా."

నేను పాత రికార్డు తీసి వేశాను. గీతల మీద సూది చిటచిటమంది. అక్క బల్ల పట్టుకుని లేచి నిలబడింది. గొంతు వచ్చింది, పద్దెనిమిదేళ్ళ గొంతు. అక్క పెదాలు కదిలాయి.

మొదటి వరస బాగానే సాగింది. రెండో వరస పొడుగు. సగంలో అక్కకి ఊపిరి చాలలేదు. నోరు మూసి ముక్కుతో పీల్చుకుంది. గొంతు మాత్రం ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది. అందుకోబోయి మాట తప్పింది.

"అక్కడ కాదండీ" అంది పోలెట్. "అక్కడ మీరు పీల్చలేదు. 'సైకిలు' దాటాక పీల్చారు."

మళ్ళీ వేశాను. మళ్ళీ తప్పింది. పోలెట్ లేచి వచ్చి ఎదురుగా నిలబడింది, తన నోటితో చూపిస్తూ. అక్క ఆమె నోరు చూసి అనుకరించడం మొదలుపెట్టింది. నేను సూది ఎత్తుతున్నాను, దించుతున్నాను. ఇద్దరు ముసలివాళ్ళు ఎదురెదురుగా ఒకే పాటకి నోళ్ళు కదుపుతున్నారు. వాళ్ళలో ఆ గొంతు గలది ఎవరో తెలియనివాళ్ళు వచ్చి చూస్తే పోలెట్ వైపే వేలు చూపిస్తారు.

"చాలు" అన్నాను. అక్క పెదాలు నీలంగా మారాయి.

ఆమె కూర్చుని గొట్టం సర్దుకుంది. యంత్రం గుర్రుమంటోంది.

"ఈ గొంతు నన్ను వదిలేసి పరిగెడుతోంది. అందుకోలేను."

"నెమ్మదిగా నేర్చుకుందాం" అంది పోలెట్. "ఆదివారం దాకా ఉంటాను."

"ఏం నేర్చుకుంటాను? నాకు నేను ఎక్కడ ఊపిరి తీశానో నీకు తెలుసు. నాకు తెలియదు. నువ్వే వెళ్ళు పోలెట్." అప్పటికి 'నువ్వు' అయిపోయింది. "నేను పక్కన కూర్చుని చూస్తాను. దానికి తిబో ఒప్పుకుంటాడా?"

పోలెట్ తలూపింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో కన్నీళ్ళు పెట్టుకుంటే అక్క కసిరింది. "ఏడవకు, రంగు కారుతుంది. పద."

ఆదివారం చిన్న ఆక్సిజన్ సీసాతో, చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. తెరవెనక, వేదికకి కుడిపక్క, తీగల చుట్టల మధ్య చోటిచ్చారు. హాలు నిండా పింఛనుదార్లు, బస్సుల్లో వచ్చినవాళ్ళు. చాలామంది గని ఊళ్ళవాళ్ళే. ఒకరి తర్వాత ఒకరు పాడుతున్నారు. తర్వాత మైకులో వినిపించింది: డోరా లినెల్.

అక్క చేతులు కుర్చీ కర్రల మీద బిగుసుకున్నాయి. లేవబోయిందా? ఇప్పటికీ చెప్పలేను. పోలెట్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, కుంటుతూ వెలుగులోకి వెళ్ళింది.

చప్పట్లు. రికార్డు. పోలెట్ ఎప్పటిలాగే చేసింది, 'గుమ్మం' దగ్గర, 'సైకిలు' దాటాక. హాల్లో ముసలివాళ్ళు ఊగుతున్నారు. చివరి చరణం ముందు నవ్వు వచ్చే చోటికి పాట చేరింది. అక్కడ పోలెట్ నోరు మూసేసింది. మైకు కిందకి దించింది. ఒళ్ళంతా మా వైపు తిప్పి నిలబడింది.

నవ్వు ఒక్కటే వచ్చింది. దాని వెనక ఎవరి మొహమూ లేదు. పాట సాగుతోంది, పోలెట్ పెదాలు కదలడం లేదు, అక్కని చూస్తూ నిలబడి ఉంది.

మొదట జనానికి అర్థం కాలేదు. తర్వాత గుసగుసలు. మూడో వరసలో ఎవరో ఈల వేశాడు. "ఏం తల్లీ, క్యాసెట్టు నీకంటే ముందే వెళ్ళిపోతోందే!" అన్నాడింకొకడు. హాలంతా నవ్వింది. పోలెట్ చూస్తున్న వైపు ఏముందా అని ఒక్కళ్ళయినా తల తిప్పలేదు. తిప్పినా వాళ్ళకి కనిపించేది చీకట్లో ఒక చక్రాల కుర్చీ.

అక్క నోరు కదపలేదు. కళ్ళు మూసుకుని వింటోంది. సూపర్ మార్కెట్లలో, హోటళ్ళలో, టీవీలో ఆ గొంతు విన్నప్పుడల్లా దానికి ఇంకొకరి నోరు అంటుకునే ఉండేది. ఇప్పుడు లేదు.

పాట అయ్యాక తిబో పోలెట్‌ని తీగల పక్కకి లాక్కెళ్ళి తిట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదు. తర్వాతి ఊరి పోస్టర్లలో ఆ చిన్నబొమ్మ చోట ఇంకెవరిదో వచ్చింది. ఆ సంగతి నాకు మందుల దుకాణంవాడు చెప్పాడు. పోలెట్ మాత్రం తన ఊరి వాతావరణం గురించి, మోకాలి గురించి ఫోనులో చెప్పేది. అదొక్కటి చెప్పలేదు.

నవంబరు చివర, గనివాళ్ళ పండక్కి వారం ముందు, అక్క వంటింట్లో బల్ల మీద తల పెట్టుకుని పోయింది. చర్చిలో ఆ రికార్డు వెయ్యొద్దని ముందే చెప్పింది. రాతి మీద గెనోవెఫా సోబ్చిక్ అని, నాన్న వంటింట్లో పలికినట్టే చెక్కించాను. డోరా లినెల్ అన్న పేరు ఇప్పుడు ఎవరిదీ కాదు. పాట ఇంకా రేడియోలో వస్తోంది. కొత్తగా వేసిన పాత పాటల సంపుటి అట్ట మీద పోలెట్ బొమ్మే ఉంది, ఇరవై ఏళ్ళప్పటిది.

ఆ ఆదివారం ఆట అయ్యాక కారులో తిరిగి వస్తున్నాం. నల్లగుట్ట కనబడే మలుపు దగ్గర అక్క గొట్టం సర్దుకుని, అద్దంలోంచి బయటికి చూస్తూ, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు అంది.

"బాగానే పాడింది, ఆ పిల్ల."